‘ఎడిటింగ్ చేయని ఫోటో’ అంటే ఏ ఫోటో?

సంపాదకుల గారికి నమస్కారం.

బతుకమ్మ, దసరా రోజులు దగ్గర పడగానే పత్రికలూ క్లబ్బులూ ఫోటో పోటీలు ప్రకటిస్తాయి. వాటి నిబంధనల్లో ఏటా ఎక్కడో ఒకచోట కనిపించే వాక్యం: ‘ఎడిటింగ్ చేసిన ఫోటోలు స్వీకరించబడవు.’ ఉద్దేశం మంచిదే. లేని చంద్రుణ్ణి తెచ్చి గోపురం పక్కన అతికించేవాళ్లను ఆపాలనే కదా! కానీ వాళ్లు ఈ మాటకు ఆగరు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం వంకర ఫోటోను నిటారు చేయడానికి కూడా జంకుతున్నారు.

ఫోన్‌లో బటన్ నొక్కగానే వచ్చే జేపెగ్ (మామూలు ఫోటో ఫైలు) అప్పటికే ఎడిటింగ్ అయిన ఫోటో. సెన్సర్ పట్టిన వెలుగు లెక్కలను తీసుకుని, రంగు సరిచేసి, నీడలు లేపి, గరుకును నునుపు చేసి, అంచులకు పదును పెట్టి, మిగతాది పారేసి మనకిస్తుంది ఫోన్‌లోని ప్రోగ్రాం. ఫిల్మ్ రోజుల్లోనూ ఇది లేకపోలేదు. స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ‘టచింగ్’ చేసి మొహం మీది గీతలు పోగొట్టేవారు. డార్క్‌రూములో ఎన్‌లార్జర్ వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టి ఒకచోట తేటగా, ఒకచోట ముదురుగా ప్రింటు తీసేవారు.

గీత ఎక్కడ గీయాలో తెలియాలంటే పత్రికా ఫోటోలకు జరిగే అంతర్జాతీయ పోటీ వరల్డ్ ప్రెస్ ఫోటోలో 2010లో జరిగింది చూడాలి. బహుమతి వచ్చిన ఒక ఫోటోలో చేతికి కట్టు కడుతుంటారు. అసలు ఫోటో రంగుల్లో, చాలా వెడల్పుగా ఉంది. దాన్ని చేతి వరకే కత్తిరించి, నలుపు తెలుపు చేసి, అంచులు ముదురు చేశారు. వీటికేమీ అభ్యంతరం రాలేదు. వెనక కనిపించే ఒక పాదం ముక్కను చెరిపేసినందుకు బహుమతి పోయింది. అదే పోటీలో 2015లో చివరి దశకు ముందు మిగిలిన ఫోటోల్లో 20 శాతం అసలు ఫైళ్లతో పోల్చినప్పుడు పోయాయి. అంటే అక్కడ చూసేది ఎంత ఎడిటింగ్ చేశారని కాదు, ఫ్రేములో ఉన్నదాన్ని తీసేశారా, లేనిదాన్ని పెట్టారా అని. లెన్సు మీదో సెన్సర్ మీదో దుమ్ము మచ్చ చెరపడం తప్పు కాదు. వెనక కరెంటు స్తంభం చెరపడం తప్పు.

ఇక సరైన ఎడిటింగ్ ఎలా ఉంటుందో బతుకమ్మ ఫోటోలోనే చూద్దాం. తంగేడు పసుపు, బంతి నారింజ, రంగు అద్దిన గునుగు గులాబీ, అన్నిట్లోనూ ఎరుపు పాలు ఎక్కువే. మొత్తం వెలుగు చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్, నడిమధ్యన బుద్ధిగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఎరుపు ఛానల్ ఒక్కటి మాత్రం గరిష్ఠమైన 255 దగ్గర గోడకు కొట్టుకుని ఉంటుంది. అప్పుడు బంతిపూవులో రేకకూ రేకకూ తేడా చచ్చి, నారింజ ముద్ద మిగులుతుంది. దాని మీద శాచురేషన్ (రంగు చిక్కదనం) పెంచితే ముద్ద చిక్కబడుతుందే తప్ప రేకలు రావు. అందుకే తీసేటప్పుడే ఎక్స్‌పోజర్‌ను స్టాపులో (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) మూడింట రెండు వంతులు తగ్గించాలి. తర్వాత ఎడిటింగ్‌లో శాచురేషన్ జోలికి పోకుండా, రంగుల విభాగంలో నారింజ, పసుపుల వెలుగును, అంటే లూమినెన్స్‌ను 10 నుంచి 15 తగ్గిస్తే రేకల మధ్య నీడలు బయటపడతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. మన చర్మం రంగు కూడా నారింజలోనే పడుతుంది కాబట్టి పక్కనున్న మొహాలన్నీ నల్లబడతాయి. మార్పు ఆ చోటుకే పరిమితమయ్యేలా పూల మీద మాత్రమే మాస్కు వేసి ఈ మార్పు చేయాలి. ఇంకా రంగు కావాలనిపిస్తే వైబ్రెన్స్ 10 వరకు చాలు. అది పలచటి రంగును ఎక్కువగా, చిక్కటి రంగును తక్కువగా కదుపుతుంది.

ఫోటోలో తెలుపును సరిచేసే వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ను తెల్ల చొక్కా మీదో పంచె మీదో నొక్కే అలవాటు చాలామందికి ఉంది. నీలిమందు పెట్టిన బట్ట నిజానికి లేత నీలం. సాఫ్ట్‌వేర్ దాన్నే తెలుపనుకుని, ఆ నీలాన్ని విరగ్గొట్టడానికి ఫోటో అంతా పసుపు పులుముతుంది. పూర్తిగా తెల్లబారిన చోట నొక్కినా లెక్క తప్పుతుంది. మనుషుల మీద పడే వెలుగే పడుతున్న సిమెంటు గచ్చు మీద నొక్కండి, దాదాపు సరిపోతుంది. సందెవేళ ఆకాశం నీలంగా, బల్బులు పసుపుగా ఉన్నప్పుడు రెంటికీ ఒకే సెట్టింగు కుదరదు. మొహాలకు సరిచేసి, ఆకాశానికి విడిగా మాస్కు వేసుకోవాలి.

ఎడిటింగ్‌తో కానిది కూడా చెప్పాలి. చవక ఎల్ఈడీ బల్బుల కింద తీస్తే ఫోటోకు అడ్డంగా ముదురు పట్టీలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. షటర్ సెకనులో 100వ వంతో 50వ వంతో తెరుచుకుని ఉంటే పట్టీలు కనిపించవు. 500వ వంతులో తీసి పట్టీలు తెచ్చుకున్నాక ఏ స్లైడరూ వాటిని శుభ్రంగా తీయలేదు. నెమ్మది షటర్‌కు చప్పట్లు కొట్టే చేతులు కాస్త చెదురుతాయి. పట్టీలకన్నా అదే నయం.

ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్లు ముందు రాత్రిపూట కళ్లకు హాయినిచ్చే పసుపు తెరను ఆపాలి. లేకపోతే తెరలోని పసుపును ఫోటోదనుకుని నీలం పెంచేస్తారు. తెర వెలుగు నిండుగా పెట్టుకుని ఎడిట్ చేసిన ఫోటో అచ్చులో చీకటిగా వస్తుంది. పైగా న్యూస్‌ప్రింట్ సిరాను పీలుస్తుంది, ప్రతి చుక్కా ఉబ్బుతుంది. 50 శాతం చోటు కప్పాల్సిన చుక్క కాగితం మీద 76 శాతం దాకా కనిపిస్తుందని పత్రికల ముద్రణ ప్రమాణమే లెక్కగడుతుంది. ప్రెస్సువాళ్లు దానికి తగ్గట్టు సరిచేస్తారు గానీ, కాటుక ముద్దలా ఉన్న నీడలో నుంచి వాళ్లు మాత్రం ఏం లాగుతారు? ముదురు చీర మడతలు 255లో 25, 30కి పైనే ఉండేలా షాడోస్ కొంచెం లేపి పంపడం మంచిది. ఇంట్లో అచ్చు సిరాల రంగుల లెక్క అయిన సీఎంవైకేలోకి మార్చవద్దు, తెరల రంగుల లెక్క అయిన ఎస్ఆర్‌జీబీలోనే ఉంచాలి. ఆరంగుళాల వెడల్పు బొమ్మకు అంగుళానికి 200 చొప్పున 1200 పిక్సెళ్లు చాలు. అయినా పొడవు వైపు 3000 ఉంచితే కత్తిరించుకునే వీలుంటుంది. సైజు మార్చాకే పదును పెట్టాలి. పదును పాకే వెడల్పు (రేడియస్) 1 దాటితే గోపురం అంచు వెంట తెల్ల గీత తేలుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.

వీటికి డబ్బు పెట్టనవసరం లేదు. రా ఫైళ్లకు (సెన్సర్ పట్టిన వెలుగు లెక్కలు సవరించకుండా ఉండే ఫైళ్లు) డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తాయి. ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాం జింప్ 3.0 2025 మార్చిలో వచ్చింది, అందులో వేసిన ఫిల్టర్‌ను తర్వాత కూడా మార్చుకోవచ్చు. ఫోన్‌లో స్నాప్‌సీడ్ డీఎన్‌జీ అనే రకం రా ఫైలును తెరుస్తుంది. ఆన్‌లైన్‌లో అమ్మే ప్రీసెట్లు మాత్రం కొనకండి. ప్రీసెట్ అంటే ఎవరో, వేరే వెలుగులో తీసిన ఫోటోకు పెట్టుకున్న స్లైడర్ల అంకెలే.

ఇంతకీ మా విన్నపం. ‘ఎడిటింగ్ చేసినవి వద్దు’ అనే వాక్యం తీసేసి ఇలా రాయండి: కత్తిరింపు, నిటారు చేయడం, వెలుగు, రంగు, గరుకు, పదును సవరించుకోవచ్చు, దుమ్ము మచ్చలు చెరపవచ్చు, ఫ్రేములో ఉన్న వస్తువును తీసేయకూడదు, లేనిది చేర్చకూడదు, ఆకాశం మార్చకూడదు, ఏఐతో నింపకూడదు, బహుమతికి ఎంపికైనవారు రా ఫైలు గానీ, అది లేకుంటే ముందూ వెనకా తీసిన ఫ్రేములతో కలిపి అసలు జేపెగ్ గానీ చూపాలి. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటే జేపెగ్‌లో 256 మాత్రమే, కాబట్టి రా తీసే అలవాటు పడ్డవాళ్లకు ఎడిటింగ్‌లోనూ లాభమే.

ఈ నిబంధన ఎంగిలిపూల బతుకమ్మకు ముందే అచ్చు కావాలి. చాలా ఫోన్లలో రా సెట్టింగు ప్రో మోడ్ లోపల ఆపి ఉంటుంది. సద్దుల బతుకమ్మ నీళ్లలో కలిశాక రా ఫైలు అడిగితే ఎవరు మాత్రం ఎక్కణ్నుంచి తెస్తారు?

ఇట్లు,
కొందరు ఫోటోగ్రఫీ అభిమానులు,
హనుమకొండ