దస్తావేజుల క్లాసుకు సాయపడ్డవాళ్లందరికీ

ఆదివారం ఖమ్మంలో జూనియర్ వకీళ్లకు పాత భూమి కాగితాలు చదవడం గురించి క్లాసు చెప్పాను. భోజనాల వేళ దాటినా ఒక్కరూ లేవలేదు. అంత రక్తి కట్టిందంటే ఆ కాగితాలు సమకూర్చిన వాళ్ల చలవే. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి వరసలతోనే చెప్పుకుంటా.

ముందుగా మా లేఖరి బాబాయికి దండం. రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని ఇన్నేళ్లూ దస్తావేజులు రాసిన మనిషి. పాత నకళ్లు వెతికి, పేర్లూ సర్వే నంబర్లూ కనబడకుండా కప్పి, సొంత ఖర్చుతో జిరాక్సులు తీయించి తెచ్చాడు. డబ్బులివ్వబోతే “టీ తాగించు చాలు” అన్నాడు.

అందులో ఒక అమ్మకం కాగితంలో “నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములు” అని అష్టభోగాలు, అంటే భూమితో పాటు కొన్నవాడికి దఖలయ్యే ఎనిమిది హక్కులు, వచ్చేసరికి పిల్లలు పద్యం చదివినట్టు గొంతు కలిపారు. “నిధి అన్నాక మళ్లీ నిక్షేపం ఎందుకు సార్?” అని ఒకమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ నుంచి బాబాయి అందుకున్నాడు: “ఎవరు పాతారో తెలియనిది నిధి. మీ తాత దాచింది నిక్షేపం. అమ్మేవాడు రెండూ వదులుకోవాలి కదమ్మా!” దొరికిన నిధి విషయంలో చట్టం దారి వేరనుకోండి, అయినా ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

తర్వాత ఉర్దూ మాస్టారు గారు. నిజాం నాటి భూమి సర్వే రికార్డులు, సేత్వార్, వసూల్ బాకీ కాగితాలు ఆయన చదువుతుంటే వినాలి. తరీ అంటే నీటి సాగు భూమి, ఖుష్కీ అంటే మెట్ట, బాగాత్ అంటే తోట, శిఖం అంటే చెరువు గర్భం. చెరువు శిఖాన్ని పట్టా భూమి అనుకుని వాదిస్తే కోర్టులో నవ్వులపాలేనని పిల్లలకు బాగా ఎక్కింది. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) 1350 చూసి ఒకతను “కాకతీయులు పోయిన కొత్తలోదా సార్?” అన్నాడు. 590 కలుపు నాయనా, 1940 దగ్గరికొస్తుంది అన్నారు మాస్టారు.

భద్రాచలం నుంచి అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో ఏటా రాసే రికార్డు) నకళ్లు తెచ్చిన తమ్ముడికి ప్రత్యేకంగా థ్యాంక్స్. ఆ తాలూకా 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది. అందుకే ఇక్కడి పహాణీ అక్కడ అడంగల్, ఇక్కడి తరీ ఖుష్కీలు అక్కడ పల్లం, మెట్ట. ఈ చుట్టుపక్కల ప్రాక్టీసు చేసేవాళ్లకు రెండు రకాలూ తగులుతాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించే వీలు ఆ తమ్ముడి వల్లే కలిగింది.

హాలు ఇచ్చిన అన్నకు, పులిహోర పంపిన అక్కకు నమస్కారాలు.

మలి క్లాసుకి 1954-55 ఖాస్రా పహాణీ (ఆ ఏడాది ప్రత్యేకంగా రాసిన భూమి రికార్డు) నకళ్లు కావాలి. మీ ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉంటే జిరాక్సు ఇవ్వండి, పేర్లు కప్పే పూచీ నాది. అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, నేనడిగినా సరే.