ప్రమోటర్ల వాటా గురించి నీ ప్రశ్నకు

బెంగళూరు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. దాచుకున్న డబ్బులో కొంత షేర్లలో పెట్టాలనుకుంటున్నావని, ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపించేవాళ్ల) చేతిలో డెబ్బై శాతం వాటా ఉన్న కంపెనీని నమ్మవచ్చు కదా, సొంత సొమ్ము పెట్టినవాడు సంస్థను పాడుచేసుకోడు కదా అని అడిగావు. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం గురించి వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

1932లో బెర్ల్, మీన్స్ అనే ఇద్దరు అమెరికా పెద్ద కంపెనీలను పరిశీలించి, వాటాలు వేలమంది చేతుల్లోకి చెదిరిపోవడంతో పెత్తనమంతా మేనేజర్లకు దక్కిందని చెప్పారు. మన దేశంలో చిక్కు అది కాదు. ఇక్కడ చాలా కంపెనీల్లో యజమాని ఎవరో ఊరందరికీ తెలుసు. ఆ పెద్ద వాటాదారుడి నుంచి చిన్న వాటాదారుడిని ఎవరు కాపాడతారన్నదే మన ప్రశ్న.

ఒక లెక్క చూడు. ఒక కుటుంబానికి మొదటి కంపెనీలో సగం వాటా, ఆ కంపెనీకి రెండో కంపెనీలో సగం వాటా ఉన్నాయనుకుందాం. రెండింటి మీదా పెత్తనం ఆ కుటుంబానిదే, కానీ రెండో కంపెనీ లాభంలో దాని అసలు భాగం పావు వంతే. రెండో కంపెనీ నుంచి మొదటి దానికి ఏదో ఒక కొనుగోలు పేరుతో కోటి రూపాయలు మళ్లిస్తే, కుటుంబం పోగొట్టుకునేది పాతిక లక్షలు, సంపాదించేది యాభై లక్షలు. మిగిలిన నష్టం నీలాంటి వాళ్లది. మన దేశపు వ్యాపార గ్రూపుల్లో ఇలాంటి మళ్లింపు జరుగుతోందనడానికి బెర్ట్రాండ్, మెహతా, ముల్లైనాథన్ 2002లో ఆధారాలు చూపించారు.

అలాగని తక్కువ వాటా మంచిదని అనలేను. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం సంగతి తెలుగువాళ్లం మరిచిపోగలమా? 2008 డిసెంబరులో, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబీకుల చేతిలోని రెండు మేటాస్ కంపెనీలను కొనాలని బోర్డు తీర్మానించే నాటికి సత్యంలో ప్రమోటర్ల వాటా పదో వంతుకన్నా తక్కువే. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు కూడా ఒప్పుకున్న ఆ ఒప్పందాన్ని గంటల వ్యవధిలో ఆపించింది బయటి వాటాదారుల ఆగ్రహమే. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను అప్పులిచ్చినవాళ్లు అమ్ముకున్న సంగతీ అప్పుడే బయటపడింది. లెక్కల్లో చూపినా నిజానికి లేని నగదు 5,040 కోట్ల రూపాయలని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వచ్చింది. ఆ నెలలోనే, ప్రమోటర్లు తమ షేర్ల తాకట్టు వివరాలు వెల్లడించాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నియమం పెట్టింది. నా దృష్టిలో, ఆ తాకట్టు అంకె మొత్తం వాటా శాతం కన్నా ఎక్కువ చెబుతుంది.

మా ఊళ్లోని ఇన్ఫోసిస్‌ను చూడు. 1993లో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది, ఉద్యోగులకూ షేర్లు పంచింది. వ్యవస్థాపకుల వాటా చాలాకాలంగా ఇరవై శాతం లోపే, అయినా సంస్థ ఎదిగింది. పైగా వాటా ఎక్కువ ఉన్నందువల్ల కంపెనీ బాగుందా, బాగుంటుందని ముందే తెలిసిన యజమాని వాటా వదులుకోలేదా అన్నది తేల్చడం పరిశోధకులకే కష్టం. అందుకే ఒక్క శాతం చూసి డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

వార్షిక నివేదికలో సంబంధిత పక్షాలతో, అంటే యజమానికి చెందిన కంపెనీలు, బంధువుల వంటివాళ్లతో, లావాదేవీలున్న పేజీని ముందు చదువు. ఫలానా గ్రూపు కంపెనీకి అప్పు, ఫలానా బంధువు స్థలానికి అద్దె, అన్నీ అక్కడే ఉంటాయి. లిస్టైన కంపెనీల్లో అలాంటి పెద్ద లావాదేవీలపై ఆ సంబంధిత పక్షాలు అనుకూలంగా ఓటు వేయడానికి వీల్లేదు. అక్కడ నీ పది షేర్లకూ, మ్యూచువల్ ఫండ్ల వాటాకూ నిజమైన బలం వస్తుంది. ఫోనులోనే ఓటు వేసే వీలుంది, దయచేసి దాన్ని వదులుకోకు.

నువ్వు అనుకుంటున్న కంపెనీ ఏదో రాయి. దాని గత అయిదేళ్ల నివేదికలు తెచ్చుకుని, తాకట్టు అంకెలు, అప్పుల పట్టిక నేనూ చూసి వచ్చే ఉత్తరంలో వివరంగా రాస్తాను. అప్పటిదాకా డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వు.

ఇట్లు,
నీ మిత్రుడు