పందెం యాప్‌లను నిషేధించారు సరే, పందెం జబ్బుకు వైద్యం ఎక్కడ?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు రసీదులు చేతికొచ్చాయి గానీ జవాబు రాలేదు. మీ పేషీకి పంపిన ఉత్తరానిదీ అదే గతి. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

మా తమ్ముడు మెడికల్ షాపులో పని చేసేవాడు. మందు ముట్టడు, సిగరెట్ తాగడు. ఫోన్లో మొదట రమ్మీ ఆడాడు, తర్వాత క్రికెట్ బెట్టింగ్‌లో పడ్డాడు. నాన్న పత్తి అమ్మిన డబ్బులు ఒక్క రాత్రిలో పోయాయి. అమ్మ నిద్రలో ఉండగా ఆమె ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చూసుకుని, ఆ మెసేజ్ తీసేసి, ఫోన్ మళ్లీ దిండు పక్కనే పెట్టాడు. పొద్దున బ్యాంకుకు వెళ్తే గానీ మాకు సంగతి తెలియలేదు. ఆ తర్వాత లోన్ యాప్‌లు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులు, కుదువ పెట్టిన అమ్మ బంగారం. ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయని మీకూ తెలుసు. నా బాధ ఆ డబ్బు గురించి కాదు.

“నన్ను ఎక్కడైనా చేర్పించు అక్కా, నా వల్ల కావట్లేదు” అని వాడే ఏడ్చాడు. అడగ్గా అడగ్గా దొరికిన ఆ మాట పట్టుకుని వెంటనే బయల్దేరాం. ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగంలో మొదటి ప్రశ్న “తాగుతాడా?” రెండోది “గంజాయా?” రెండూ కాదంటే, మరి ఇక్కడికి ఎందుకు తెచ్చారన్నట్టు చూశారు. నిద్రమాత్రలు రాసిచ్చి, “పెళ్లి చేయండి, బాధ్యత తెలుస్తుంది” అన్నారు. డీ-అడిక్షన్ సెంటర్‌కి వెళ్తే వాళ్ల ఫారంలో మద్యం, కల్లు, గంజాయి, మాత్రలు అని గడులున్నాయి. రాసే ఆవిడ పెన్ను పట్టుకుని అలాగే ఆగిపోయింది. మా తమ్ముడి జబ్బు రాయడానికి అందులో గడి లేదు. “మా దగ్గర తాగుడు వాళ్లకే సార్” అని వాడికే చెప్పి పంపేసింది. పోలీస్ స్టేషన్లో “బుద్ధి చెప్పుకోండి” అన్నారు. చివరికి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్లో చేర్పించాం. ఫోన్ లాక్కుని గదిలో పెట్టారు, ఫీజు ముందే కట్టించుకున్నారు. ఉన్నన్నాళ్లూ పందెం గురించి వాడితో కూర్చుని మాట్లాడినవాళ్లు లేరు. బయటికొచ్చాక ఫోన్ చేతికందింది, మళ్లీ మొదలైంది.

మంత్రి గారూ, అందరూ దీన్ని బుద్ధి అంటున్నారు. ఇది బుద్ధికి సంబంధించింది కాదని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. మానసిక వైద్యులు అనుసరించే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5, 2013లోనే జూదపు రుగ్మతను మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ ఇది ఉంది. 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లోకి వచ్చింది. పార్కిన్సన్స్ రోగుల సంగతి చూడండి. మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గి వణుకు వచ్చేవాళ్లకు, దానిలా పనిచేసే ప్రామిపెక్సోల్ లాంటి మందులిస్తారు. జన్మలో పేకముక్క పట్టని పెద్దవాళ్లు కొందరు ఆ మందు మొదలయ్యాక జూదంలో పడ్డారు. మోతాదు తగ్గిస్తేనో, మందు మారిస్తేనో చాలామందిలో ఆ కోరిక తగ్గిపోయింది. బుద్ధే కారణమైతే మందు మార్చగానే ఎలా తగ్గుతుంది? వాళ్లకు ఎవరు బుద్ధి చెప్పారు?

పందెం గెలిచినప్పుడే కాదు, గెలుస్తామా లేదా అని ఎదురుచూసేటప్పుడు కూడా డోపమిన్ పెరుగుతుంది. ఫలితం ఎటూ తేలనప్పుడు ఇంకా ఎక్కువ. కొంచెంలో తప్పిపోతే, గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలే అప్పుడూ స్పందిస్తాయని పరిశోధనల్లో తేలింది. ఇది నేను కళ్లారా చూశాను. ఆఖరి బంతికి సిక్సర్ కావాలి, బంతి తాడు ముందు ఒక్కసారి నేలను తాకి ఫోర్ వెళ్లింది. వాడు ఓడిపోయాడు. కానీ ఆ ముఖంలో ఓడిపోయిన ఛాయే లేదు. “కొంచెంలో పోయిందక్కా” అంటూ ఇంకో మ్యాచ్ మీద డబ్బు పెట్టేశాడు. “ఇక చాలు” అని ఆపాల్సింది నుదుటి వెనకుండే మెదడు భాగం. ఈ జబ్బులో ఆ భాగం పట్టు సడలుతుంది, బ్రేకులు పోయిన బండిలా అవుతుంది మనిషి పరిస్థితి. అలాంటివాడికి నీతులు చెప్పి పంపేస్తే ఏం లాభం?

మన రాష్ట్రం ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం తెచ్చింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా పెట్టారు. ఆడేవాళ్లకు అందులో శిక్ష లేదు, వాళ్లను బాధితులుగానే చూశారు. మంచిదే. మరి బాధితుడన్న మనిషికి మందు ఎవరివ్వాలి? యాప్ పోతే టెలిగ్రామ్‌లో లింకు వస్తోంది. లింకు మూసేస్తే కొత్త నంబర్ నుంచి ఇంకోటి వస్తోంది. మెదడులో ఆ తపన అలాగే ఉంటే నిషేధం ఒక్కటే ఎన్నాళ్లు కాపాడుతుంది?

వైద్యం లేని జబ్బు కాదిది. ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్, అంటే సీబీటీ, బాగా పనిచేస్తుందని డాక్టర్లే చెబుతారు. తాగుడు మాన్పించడానికి వాడే నాల్ట్రెక్సోన్ కొందరు జూదరుల్లోనూ ఆ తహతహను తగ్గించినట్టు ప్రయోగాల్లో కనిపించింది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోన్, ఆన్‌లైన్ వ్యసనాల కోసం విడిగా క్లినిక్కే ఉంది. మన జిల్లాల్లో ఎందుకు లేదు? 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ ఖర్చుతో మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఆ హక్కు మా తమ్ముడికి వర్తించదా?

దయచేసి ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక్క రోజైనా ఈ జబ్బుకు ఓపీ పెట్టించండి. సైకాలజిస్టును వేయించండి. డీ-అడిక్షన్ సెంటర్ల ఫారంలో జూదానికీ ఒక గడి చేర్పించండి, అక్కడి సిబ్బందికి శిక్షణ ఇప్పించండి. ఆరోగ్యశ్రీలో చేర్చగలరేమో చూడండి. అప్పులు మేమే తీర్చుకుంటాం, పొలం అమ్మైనా తీర్చుకుంటాం. వైద్యం మాత్రం మా చేతిలో లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లు ప్రాణాలు తీసుకునే ప్రమాదం ఎక్కువని మీ శాఖ డాక్టర్లకు తెలుసు. రాత్రి వాడి గది తలుపు గడియ వేయనివ్వకుండా ఇంట్లో ఒకరం మేలుకునే ఉంటున్నాం.

మా తమ్ముణ్ణి ఏ ఆసుపత్రికి, ఏ రోజున, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో రాతపూర్వకంగా తెలియజేయించండి. ఆ ఒక్క జవాబు వస్తే మర్నాడే తీసుకొస్తాం.

ఇట్లు,
ఒక అక్క,
ఉత్తర తెలంగాణ