బేరింగ్ కిట్‌లోని తప్పు సూచనల కాగితంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: పాత కారు ముందు చక్రాల బేరింగ్ కిట్‌లో హబ్ నట్ (చక్రం మధ్య భాగమైన హబ్‌ను ఇరుసు మీద పట్టి ఉంచే నట్) బిగింపు గురించి తప్పుగా రాయడం, దాని వల్ల జరిగిన నష్టం.

అయ్యా,

మా ఇంట్లో 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ కారు ఉంది. దాని ముందు చక్రాల కోసం మీ కంపెనీ నుంచి రెండు బేరింగ్ కిట్లు తెప్పించుకున్నాను. బేరింగ్‌ల నాణ్యత మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పెట్టెలో మీరు పెట్టిన సూచనల కాగితం మీదే నా ఫిర్యాదంతా. అందులో చివర ‘హబ్ నట్‌ను పూర్తిగా బిగించి పిన్ వేయండి’ అని ఉంది. ఆ ఒక్క మాట నమ్మినందుకు మా ఎడమ చక్రం బేరింగ్ మాడిపోయింది. అప్పుడు కారు నడుపుతున్నది మా అబ్బాయి.

కుడి చక్రం నేనే చేశాను. మర్నాడు వేరే పని మీద వెళ్ళాల్సి వచ్చి, ఎడమది మా వాడికి వదిలేశాను. వాడికి ఈ పని కొత్త. అందుకే మీ కాగితం పక్కన పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాడు. పొడవాటి స్పానర్‌తో నట్ ఇక కదలనంత వరకు బిగించి, పిన్ వేసి, కారు బయటికి తీశాడు. కొంత దూరం పోయేసరికి కాలిన గ్రీజు వాసన వచ్చిందట. దిగి చూస్తే ఎడమ హబ్ మీద చెయ్యి ఆనించలేనంత వేడి. వాడు అక్కడే ఆపేసి నాకు ఫోన్ చేశాడు. ఆ పూట నేను పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

విప్పి చూస్తే రోలర్లు నీలం తిరిగిపోయి ఉన్నాయి. అలా రంగు మారిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ బేరింగ్ ఇక పనికిరాదు. గ్రీజు కరిగి, దాన్ని బయటికి రాకుండా ఆపే ఫెల్ట్ సీల్ దాటి బ్రేక్ డ్రమ్ములోకి కారింది. ఇంకాస్త దూరం పోయి ఉంటే ఆ చక్రానికి బ్రేక్ సరిగా పట్టేది కాదు. ఈ కారుకు ఉన్నవి రాడ్లతో పనిచేసే మెకానికల్ బ్రేకులు. ఒక పక్క పట్టి ఒక పక్క పట్టకపోతే బండి పక్కకు లాగేస్తుంది.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ‘పాత కారు కదండీ, స్పిండిల్ అరిగిపోయి ఉంటుంది’ అన్నారు. స్పిండిల్‌ను, అంటే చక్రం తిరిగే ఇరుసును, కొలిపించాను, బాగానే ఉంది. పైగా కుడి చక్రంలో ఉన్నది కూడా మీ కిట్టే. అదే కారు, అదే రోజు, అదే దూరం తిరిగింది. దాని హబ్ కాస్త గోరువెచ్చగా ఉందంతే. తేడా నట్ బిగింపులోనే ఉంది.

ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. ఇప్పటి చాలా కార్లలో బేరింగ్ అంతా కలిపి ఒకే యూనిట్‌గా వస్తుంది. లోపల ఎంత సందు ఉండాలో తయారీలోనే కుదిర్చి పెడతారు కాబట్టి నట్‌ను గట్టిగానే బిగించాలి. మోడల్ ఎ లాంటి కార్లలో లోపల ఒకటి, బయట ఒకటి, ఏటవాలు రోలర్ల బేరింగ్‌లు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య సందును కుదిర్చేది ఆ నట్టే. ఎంత బిగిస్తే రోలర్లు అంతగా కప్పులోకి, అంటే వాటి చుట్టూ ఉండే ఉక్కు రింగులోకి, ఒత్తుకుపోతాయి. కొత్త కార్ల కాగితాన్ని ఎవరో పాత కార్ల పెట్టెలో పెట్టినట్టున్నారు.

ఆ కాగితంలో ఉండాల్సింది ఇది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, కాస్త బరువుగా తిరిగే వరకు నట్ బిగించాలి. దాంతో రోలర్లు కప్పుల్లో సరిగా కూర్చుంటాయి. తర్వాత నట్‌ను వెనక్కి వదిలి, చక్రం తేలిగ్గా తిరిగే చోట, పిన్ రంధ్రానికి ఎదురుగా వచ్చే గాడి దగ్గర ఆపాలి. డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే పరికరం) ఉన్నవాళ్ళకు ఈ రకం బేరింగ్‌లకు సాధారణంగా చెప్పే కొలత 0.001 నుంచి 0.005 అంగుళం ప్లే, అంటే కదలడానికి వదిలే సందు. గేజ్ లేనివాళ్ళు చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపి చూడాలి. ఊగుతుంటే ఒకరిని బ్రేక్ తొక్కమనాలి. ఊపు ఆగిపోతే అది బేరింగ్ ప్లే. ఆగకపోతే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారంగా ఉండే పిన్) అరిగిందన్నమాట, నట్ ఎంత బిగించినా అది పోదు. ఈ తేడా తెలియకే చాలామంది నట్‌ను అతిగా బిగిస్తారు. కనీసం ఈ ఒక్క ముక్కైనా మీ కాగితంలో లేదు.

‘పూర్తి కిట్’ అని పెట్టె మీద రాసి, లోపల నట్ కదలకుండా వేసే కొత్త స్ప్లిట్ పిన్‌లు కూడా పెట్టలేదు. ఒకసారి వంచిన పిన్‌ను మళ్ళీ వాడకూడదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

పాడైన ఎడమ చక్రం బేరింగ్‌లు, కప్పులు, ఫెల్ట్ సీల్, గ్రీజు పట్టిన బ్రేక్ లైనింగ్‌లు మీ ఖర్చుతో మార్చి ఇవ్వండి. అంతకంటే ముందు ఆ కాగితాన్ని వెంటనే ఆపేయండి. ఇప్పటికే ఈ కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ సరైన పద్ధతి రాసి పంపండి. ఆర్డర్ల వివరాలు మీ దగ్గర ఉంటాయి కదా. మా వాడికి వాసన తెలిసి ఆపాడు. మీ కాగితం నమ్మి నట్ బిగించుకున్న వాళ్ళు ఈ రోజు కూడా రోడ్డు మీద తిరుగుతూ ఉండొచ్చు.

మాడిన రోలర్ల ఫోటోలు, సూచనల కాగితం నకలు, బిల్లు నకలు జత చేస్తున్నాను. పాడైన బేరింగ్‌లను కడగకుండా అలాగే దాచి ఉంచాను. మీ ఇంజనీరు ఎప్పుడు వచ్చినా చూపిస్తాను. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న ఒక పాత కారు యజమాని