నా భార్యాబిడ్డలు డాలస్ చేరారు: సాయపడిన ముగ్గురికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. 2025 ఫిబ్రవరి 22న నా భార్య, పదకొండేళ్ల మా అమ్మాయి వియత్నాంలోని కాన్ థో నుంచి వచ్చి డాలస్ విమానాశ్రయంలో దిగారు. వారిని అమెరికా రప్పించడానికి మొదటి పిటిషన్ వేసిన నాటి నుంచి ఇరవై రెండు నెలలు పట్టిన ఈ పనిలో నన్ను అడుగడుగునా కాచుకున్న ముగ్గురికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని ముగ్గురూ కోరినందున రాయడం లేదు.

హ్యూస్టన్ అక్కయ్య గారితో మొదలుపెట్టాలి. అమెరికా పౌరుణ్నైన నేను 2023 ఏప్రిల్‌లో నా భార్య పేరున ఒక్క ఐ-130 (కుటుంబ సభ్యులను వలస రప్పించే) పిటిషన్ వేసి, హెచ్-1బీ ఉద్యోగ వీసా వారి పిల్లలకు హెచ్-4 డిపెండెంట్ వీసా వచ్చినట్టే పాప కూడా తల్లి వెంట వచ్చేస్తుందన్న ధీమాతో కూర్చున్నాను. ఆగస్టులో ఏదో మాటల సందర్భంలో ఆవిడ "పాప కేసు నంబరు ఎంత?" అని అడిగేదాకా నా పొరపాటు నాకు తెలియలేదు. అమెరికా పౌరుడు భార్యకు వేసే పిటిషన్‌లో పిల్లలు డిపెండెంట్లుగా రారని, బిడ్డకు విడిగా మరో పిటిషన్ వేయాల్సిందేనని ఆవిడ ఫోన్‌లోనే విడమరచి చెప్పి, పాప నాకు పుట్టిన బిడ్డ కాకపోయినా, తనకు పద్దెనిమిదేళ్లు నిండకముందే మా పెళ్లి జరిగింది కాబట్టి ఆ పిటిషన్ నేనే వేయవచ్చని ధైర్యం కూడా చెప్పారు. పాప జనన ధ్రువపత్రం, మా వివాహ ధ్రువపత్రం, నా భార్య మొదటి వివాహం రద్దయినట్టు కోర్టు ఇచ్చిన తీర్పు జతచేసి, 535 డాలర్లు కట్టి, ఆ వారంలోనే రెండో పిటిషన్ పంపాను. ఆ ఫారంలో 'స్టెప్‌చైల్డ్' అన్న గడిని గుర్తించక తప్పలేదు; తెలుగులో ఆ మాట ఇక్కడ రాయడానికే నాకు మనసొప్పడం లేదు.

భార్య పిటిషన్‌కు 2024 జూన్‌లోనూ, పాప పిటిషన్‌కు సెప్టెంబరులోనూ ఆమోదం వచ్చింది. ముందు భార్యను రప్పించేద్దామని నేను తొందరపడితే, ఆమోదం తర్వాత వీసా కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌లో కేసు కొన్ని నెలలు ఆగినంత మాత్రాన రద్దు కాదని, తల్లీబిడ్డలకు ఒకేసారి ఇంటర్వ్యూ అడగమని అక్కయ్య గారు ఆపారు. పాపను ఒంటరిగా వదలవలసిన అవసరం ఆ ఒక్క మాటతో తప్పింది.

రెండో వ్యక్తి డాలస్ పక్కనే ఉన్న గార్లండ్‌లో ఉంటున్న ఒక వియత్నాం పెద్దావిడ. ఇమిగ్రేషన్ శాఖకు పంపే ప్రతి వియత్నామీస్ కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, దాని కింద అనువాదకుల ధ్రువీకరణ ఉండాలి. ఆవిడ ఒక్క డాలరు కూడా తీసుకోకుండా అన్నీ చేసిపెట్టారు. విడాకుల తీర్పు మీది గుండ్రటి ఎర్ర ముద్ర కింద తేదీ అలికినట్టుండడం చూసి, భూతద్దంతో ఎంతసేపు ప్రయత్నించినా అంకె తేలకపోవడంతో, కోర్టు నుంచి కొత్త నకలు తెప్పించేదాకా సంతకం పెట్టలేదు. వారికీ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, పెళ్లయినా ఆడవారి ఇంటిపేరు మారదు. ఇవి తెలిసి కూడా నేను పాప ఫారం చిత్తుప్రతిలో ఇంటిపేరును అసలు పేరు గడిలో నింపాను. తెలుగువాడివై ఉండి ఈ తప్పు ఎలా చేశావని ఆవిడ నవ్వారు.

మా నిశ్చితార్థం ఫొటోను సాక్ష్యాల్లో మొట్టమొదట పెట్టమన్నదీ ఆవిడే. ఎర్రగుడ్డ కప్పిన పళ్లేలలో తమలపాకులు, పోకచెక్కలు పెట్టుకుని రెండు కుటుంబాలూ కూర్చున్న ఆ ఫొటో మనవాళ్లు తాంబూలాలు పుచ్చుకున్నట్టే ఉంటుంది. వందల పేజీల చాటింగ్ కంటే అదే బలమని ఆవిడ నమ్మకం. 2025 జనవరిలో ఇంటర్వ్యూ అధికారి అక్కడే ఆగి, ఆ ముసలివారిద్దరూ ఎవరని అడిగారట. గుంటూరు నుంచి వచ్చిన అత్తమామలని నా భార్య చెప్పింది.

వియత్నాంలో వలస వీసాల ఇంటర్వ్యూలన్నీ హో చి మిన్ నగరంలోని కాన్సులేట్‌లోనే జరుగుతాయి. మూడో వ్యక్తి, అక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు తమ్ముడు, నా భార్యకూ పాపకూ తన ఇంట్లో చోటిచ్చాడు. వైద్య పరీక్షల్లో ఆ వయసు పిల్లలకు క్షయ కోసం రక్తం తీస్తారు. సూదికి భయపడ్డ పాప చేయి పట్టుకుని కూర్చున్న అతని భార్యకు, మా మరదలికి, నా నమస్కారాలు.

చివరి సలహా మళ్లీ అక్కయ్య గారిదే. వీసాల మీద సీఆర్-1, సీఆర్-2 (షరతులతో కూడిన వలస వీసా రకాలు) అని ముద్రించి ఉంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందు దేశంలో అడుగుపెడితే రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డే వస్తుంది, ఆపైన ఆ షరతులు తీసేయమని ఐ-751 దరఖాస్తు వేయాలి. మా రెండేళ్లు ఫిబ్రవరి 17న నిండుతాయి కనుక, వియత్నాం కొత్త సంవత్సరాది టెట్ పండుగ పుట్టింట్లో చేసుకుని ఆ తేదీ దాటాక రమ్మని, వచ్చినప్పుడు వివాహ ధ్రువపత్రం చేతిలో ఉంచుకుని విమానాశ్రయ అధికారికి గుర్తుచేయమని ఆవిడ చెప్పారు. అధికారి తేదీ చూసి, రెండు వీసాల మీదా పెన్నుతో సీఆర్ కొట్టేసి, షరతులు లేని రకమైన ఐఆర్ అని రాశారు. నా పొరపాటు తెచ్చిన జాప్యానికి దక్కిన లాభం అదొక్కటే.

పాప ఇప్పుడు గార్లండ్ పెద్దావిడను 'బా' అని పిలుస్తోంది. వాళ్ల భాషలో అమ్మమ్మనైనా నానమ్మనైనా అలాగే పిలుస్తారు.