మా గ్లాసుల మీది తెలుపు గురించి

గాంధీ రోడ్డు పక్క సందులోని మా నన్నారి షర్బత్ కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం.

గత నెలలో పది రోజుల పాటు మీకు షర్బత్ కాగితపు కప్పుల్లో ఇచ్చాం. ఎందుకని అడిగినవారికి గ్లాసులు తక్కువగా ఉన్నాయని చెప్పాను. అది సగం నిజం. ఎందుకు తక్కువయ్యాయో చెప్పడానికి అప్పట్లో నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కొండ దిగి నేరుగా మా దగ్గరికి వచ్చిన కుటుంబం ఒకటి ఐదు షర్బత్‌లు చెప్పింది. గుండ్ల మీద చందనం ఇంకా పూర్తిగా ఆరలేదు. వాళ్లలో పెద్దావిడ గ్లాసును ఎండకేసి ఎత్తి చూసి, "ఇది కడిగిందేనా నాయనా?" అన్నారు. నాకు చుర్రుమంది. ఆవిడ కళ్లెదుటే మరో గ్లాసు కడిగి, అందులో పోసి ఇచ్చాను. తడి మీద అది అద్దంలా మెరిసింది. ఆవిడ మారు మాట్లాడకుండా తాగి వెళ్లారు. నేను గెలిచాననుకున్నాను. ఆ గ్లాసును మళ్లీ కడిగి బోర్లించాను. పావుగంటకు ఆరింది. చూస్తే అదే మసక, అవే తెల్లటి చుక్కలు. ఆవిడ అడిగింది న్యాయమే.

ముందు ఒక మాట స్పష్టం చేయాలి. షర్బత్, మజ్జిగ కలిపే నీళ్లు మొదటి నుంచీ క్యాన్ నీళ్లే. అందులో మార్పు లేదు. మారింది గ్లాసులు కడిగే నీళ్లు. ఫిబ్రవరి వరకు కుళాయి నీళ్లతో కడిగేవాళ్లం. ఎండలు ముదిరాక మేమున్న భవనం ట్యాంకులోకి బోరు నీళ్లు వదలడం మొదలైంది. ఆ నీళ్లలో సబ్బు నురగ సరిగా రావడం లేదని నాకూ తెలుసు. తెలిసి కూడా, కడగడానికే కదా అనుకున్నాను.

ఆ తర్వాత నేను చేసిన పని తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. తప్పంతా తోమే చేతిదని తేల్చేశాను. మా దగ్గర గ్లాసులు కడిగే అక్కను నలుగురి ముందు కోప్పడ్డాను. అంతటితో ఆగకుండా, చేతికి ఇసుకలా తగిలే తోముడు పొడి, స్టీలు పీచు కొనుక్కొచ్చి, గట్టిగా రుద్దమన్నాను. "గీతలు పడతాయన్నా" అని ఆమె ఆ రోజే చెప్పింది. నేను వినలేదు. వారం తిరిగేసరికి పన్నెండు డజన్లలో ఏడు డజన్ల గ్లాసులు గీతలు పడి శాశ్వతంగా మసకబారాయి. మామూలు ఇసుక గాజుకన్నా గట్టిది. ఆ రజను ఉన్న పొడితో, ఇసుక కలిసిన బూడిదతో రుద్దితే గాజే అరిగిపోతుంది. తెల్లటి పొర పైన పట్టినది కాబట్టి ఎలాగో వదిలించవచ్చు, గీతను మాత్రం మనం చెరపలేం. పైగా గీతలున్న గ్లాసు బలం తగ్గుతుంది, వేడి వేడి బాదం పాలు పోస్తే పగిలే ప్రమాదం ఎక్కువ. అందుకే వాటన్నిటినీ పక్కన పెట్టేశాం. కాగితపు కప్పుల కథ అదీ.

అసలు గుట్టు పట్టింది కూడా అక్కే. ఒక సాయంత్రం రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి నిమ్మకాయ పిండిన షర్బత్ పోసే పొడుగు గ్లాసు, ఇంకొకటి మంచినీళ్లు ఇచ్చే గ్లాసు. నీళ్ల గ్లాసు లోపలా బయటా తెల్లగా ఉంది. షర్బత్ గ్లాసు బయట మాత్రమే తెల్లగా ఉంది, లోపల తేటగా ఉంది. రెండూ ఒకే తొట్టిలో, ఒకే చేత్తో కడిగినవి. "లోపల నిమ్మరసం తగులుతోంది కదన్నా" అంది.

నిజమే. బోరు నీళ్లు రాళ్ల పొరల్లో నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని వస్తాయి. గ్లాసు మీద మిగిలిన చుక్క ఆరినప్పుడు నీరు ఆవిరైపోతుంది, లవణం అక్కడే ఉండిపోతుంది. గీజరు కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చు కూడా ఎక్కువగా ఇదే. ఒక్క కడుగుకు పట్టేది కంటికి కనబడదు. కానీ మా గ్లాసు రద్దీ రోజున పదిహేను సార్లు కడుగుడు పడుతుంది. దానికి సబ్బు తోడైతే కాల్షియంతో కలిసి జిడ్డు తెట్టుగా మారి, ఆ పొరను ఇంకా గట్టిగా పట్టి ఉంచుతుంది. మేము ఎంత సబ్బు పెంచితే అంత మసక పెరగడానికి కారణం అదే. ఈ లవణపు పొర సబ్బుకు లొంగదు, పులుపుకు లొంగుతుంది. నిమ్మరసంలోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది.

ఆ నీళ్లను పరీక్ష చేయించాను. తాగే నీటికి భారతీయ ప్రమాణాల ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మా ట్యాంకు నీళ్లు ఆ రెండో గీతనూ దాటాయి. తాగడానికి వాడటం లేదు కాబట్టి గ్లాసులతోనే పోయింది.

ఇక మేము చేసింది. షర్బత్ కొట్టులో నిమ్మ డిప్పలకు కరువా? మొదట వాటితోనే రుద్ది చూశాం. కొత్తగా పట్టిన మసక పోయింది. పాతది పోలేదు. పైగా తొక్కలోని నూనె గాజుకు అంటుకుంటుంది, మళ్లీ సబ్బుతో కడగాల్సి వచ్చింది. తర్వాత కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పలుకులు, తెచ్చాం. లీటరు గోరువెచ్చటి నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున ప్లాస్టిక్ తొట్టిలో కలిపి, గ్లాసులు పూర్తిగా మునిగేలా అరగంట ఉంచాం. అల్యూమినియం, ఇత్తడి గిన్నెల్లో ఈ పని చేయకూడదు, పులుపు వాటిని తింటుంది. తీసి మెత్తటి స్పాంజితో తుడిస్తే చాలావరకు వచ్చేసింది. అడుగు అంచున పేరుకున్నది రెండోసారి నానబెడితే గానీ రాలేదు. ఇంట్లో వెనిగర్ ఉంటే దానికి సమానంగా నీళ్లు కలిపి వాడవచ్చు, పని జరుగుతుంది. మా కొట్టులో మాత్రం ఆ వాసన షర్బత్ దగ్గర వద్దనుకున్నాం. చింతపండు సలహా కూడా ఒకరిచ్చారు. ఇత్తడికి అది మహారాజు, గాజు మీద పిప్పి కడుక్కోవడమే పెద్ద పని.

ఇంకొకరు బాత్రూముల్లో వాడే యాసిడ్ వేయమన్నారు. ఒక్క నిమిషంలో పోతుందట. మీరు పెదవికి ఆనించే వస్తువు మీద, చేతికి తొడుగు లేని మనిషి చేత ఆ పని చేయించను. ఇంకో సంగతి, ఇది ఇళ్లలోనూ గుర్తు పెట్టుకోవాలి: బ్లీచింగ్ కలిసిన నీళ్లలో నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ పడకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు.

ఈ గొడవంతా తెలిసిన పాత ఖాతాదారులు కొందరు తమ ఇళ్లలోని గ్లాసుల సంగతి అడిగారు. నేను చెప్పేది ఒక్కటే, ముందు మసక ఏ రకానిదో చూసుకోండి. పావుగంట వెనిగర్ నీళ్లలో ఉంచి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద చూసి నిర్ణయించవద్దు, నేను మోసపోయింది అక్కడే. ఆరాక తేటపడితే అది నీటి ఉప్పు, మళ్లీ నానబెడితే మిగిలింది కూడా వస్తుంది. ఏమాత్రం మారకపోతే చాలావరకు గాజే చెడిందని అర్థం. గిన్నెలు కడిగే యంత్రం ఉన్న ఇళ్లలో, ఘాటైన పొడి, అతి వేడి కలిసి గాజు పైపొరను తినేస్తాయి. కొన్నిసార్లు దాని మీద ఇంద్రధనుస్సు రంగులు కనబడతాయి. దానికి మందు లేదు. టీ మరక వేరే జాతి, తడి వేలితో వంటసోడా రుద్దితే గీత పడకుండా వదులుతుంది. పాల గ్లాసును ముందు చల్లటి నీళ్లతో జాడించండి, వేడి నీళ్లు పోస్తే పాలలోని మాంసకృత్తు గాజుకు అంటుకుంటుంది. బంగారు అంచు, రంగు బొమ్మలు ఉన్నవాటిని పులుపులో నానబెట్టకండి.

ఇప్పుడు మా పద్ధతి మారింది. సబ్బుతో కడిగాక ఆఖరి జాడింపు క్యాన్ నీళ్లతో. జాడించిన గ్లాసు తనంతట తాను ఆరే అవకాశం ఇవ్వం, వెంటనే తుడుస్తాం. చుక్కే లేకపోతే మచ్చ ఎక్కడి నుంచి వస్తుంది? తుడిచేది పాత నూలు పంచెల ముక్కలతో. కొత్త బట్ట నూగు వదులుతుంది, గంజి పెట్టింది ఇంకా చారలు చేస్తుంది. సోమవారం రాత్రి కొట్టు మూశాక గ్లాసులన్నిటికీ నిమ్మ ఉప్పు స్నానం. ఈ పని అంతా అక్క చూసుకుంటుంది, జీతం కూడా పెంచాను. కోప్పడింది నలుగురి ముందు కాబట్టి క్షమించమని అడిగింది కూడా నలుగురి ముందే.

ఇంకొకటి ఉంది. నేను చెప్పేలోపే మాస్టారొకరు కనిపెట్టేశారు. కొత్తగా కొన్న గ్లాసులు పాతవాటికన్నా కొంచెం చిన్నవి. వాటిలో పట్టేది 180 మిల్లీలీటర్లు, పాతవాటిలో 200 పట్టేది. ధర మాత్రం అదే. కావాలని చేసింది కాదు, ఆ రోజు అంగట్లో ఒకే రకంగా ఏడు డజన్లు దొరికినవి ఇవే. పాత కొలత సరుకు వచ్చేవరకు, తాగాక గ్లాసు ముందుకు జరిపితే తగ్గినంత మళ్లీ పోస్తాం. మొహమాటపడకండి. క్యాన్ నీళ్ల ఖర్చు పెరిగినా షర్బత్ ధర దసరా వరకు కదిలించను. ఆ తర్వాత సంగతి లెక్క చూసుకుని ముందుగానే బోర్డు మీద రాస్తాను.

గీతలు పడిన ఏడు డజన్ల గ్లాసులు గల్లా పెట్టె వెనక గోనె సంచుల్లో ఉన్నాయి. తాగడానికి పనికిరావు గానీ మనీ ప్లాంట్ పెట్టుకోవడానికి, కలాలు వేసుకోవడానికి బాగానే ఉంటాయి. కావలసినవారు ఉచితంగా తీసుకెళ్లవచ్చు, చుట్టుకోవడానికి పాత పేపరు మాత్రం మీరే తెచ్చుకోండి.