వడ్ల మీద కప్పే పట్టాలు వాన వెలిశాకే వస్తాయా మంత్రి గారూ?

గౌరవ మంత్రి గారికి,

నమస్కారం. అర్జీలు ఇచ్చీ ఇచ్చీ విసుగొచ్చి ఇలా అందరి ముందూ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. అర్జీ ఇచ్చినప్పుడల్లా ముద్ర వేసిన రసీదు చేతిలో పెడతారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు.

భారత వాతావరణ శాఖ ఏటా మార్చి నెలాఖరుకు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండలు ఎట్లా ఉంటాయో, వడగాలుల రోజులు మామూలు కంటే ఎక్కువో తక్కువో చెబుతుంది. ఆ రోజు టీవీల్లో ఎర్రటి మ్యాపు, మీ దగ్గర సమీక్ష, మర్నాడు పేపర్లో 'అప్రమత్తంగా ఉండాలి' అంటూ మీ ఫొటో. అంతే, ఆ మాట వడ్ల కొనుగోలు కేంద్రం దాకా రాదు. మా పరకాల వైపు యాసంగి వడ్లు సరిగ్గా ఆ నెలల్లోనే కల్లాల్లో, రోడ్ల మీద ఉంటాయని మీకు తెలియనిది కాదు.

ఏ ఊళ్లో ఏ తేదీన రాళ్లవాన పడుతుందో మార్చిలోనే చెప్పమని మేం అడగడం లేదు, అది ఎవరి వల్లా కాదని మాకూ తెలుసు. కానీ వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాల అంచనా కూడా ఇస్తుంది కదా. ఎండలు ముదిరి, బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి, పైన ద్రోణి కూడా ఉందంటే సాయంత్రం గాలిదుమారం రావచ్చని రోజూ వార్తలు వినే మాకే తెలుస్తుంది. ఆ వారం లారీలు ఎక్కువ పెట్టండి, కాంటాలు రాత్రి దాకా నడపండి అని ఒక్క మాట చెప్పే ఆఫీసరు ఒక్కరూ లేరా?

పోయిన యాసంగిలో మాకేమైందో వినండి. వడ్లు ఆరబోశాం, తేమ 17 శాతం లోపే అని మీటరు చూపించింది, అయినా గన్నీ సంచుల్లేవని ఆపారు. సంచులొచ్చాక లారీ లేదన్నారు. లారీ కోసం చూస్తుండగానే పొద్దుగూకే వేళకి గాలి లేచింది. సెంటర్‌లో ఉన్న పట్టాలు సగం చిల్లులవే, మిగతావి గాలికి లేచిపోతుంటే ఆడవాళ్లు కొసల మీద కూర్చుని పట్టుకున్నారు. ఇంట్లో చద్దర్లు, యూరియా సంచులు కుట్టిన పరదాలు, ఏది దొరికితే అది కప్పాం. రెండు రోజులకి కుప్పలో చెయ్యి పెడితే అడుగున వేడి, ముక్కవాసన, తెల్లగా మొలకలు. మళ్లీ ఆరబోయమన్నారు, ఆరబోశాం. మిల్లు దగ్గర తరుగు మాత్రం బాగానే కోశారు. ఫోన్‌కి హెచ్చరిక రాలేదా అంటారేమో, వచ్చింది సార్, వాన వెలిశాక, అదీ ఇంగ్లీషులో! కొత్త పట్టాలూ వచ్చాయి లెండి, ఆ పై వారం, ఫొటోలు దిగడానికి.

ఇక హమాలీల సంగతి. వడదెబ్బతో చనిపోతే 4 లక్షలు ఇస్తామని 2025లో ప్రకటించారు, కాదనను. మధ్యాహ్నం బయటికి రావద్దని మీరే చెబుతారు, మన సెంటర్లలో బస్తాలు మోయించేది అప్పుడే. బతికున్నప్పుడు ఒక చలువ పందిరి వేస్తే ఆ 4 లక్షల్లో చాలా మిగులుతుంది కదా, మీకే లాభం.

అడిగేది కొత్తదేం కాదు. మార్చి అంచనా రాగానే సంచులు, చిల్లుల్లేని పట్టాలు పంపండి. గురువారం అంచనాని ప్రతి సెంటర్‌లో బోర్డు మీద తెలుగులో రాయించండి. తడిసిన వడ్లు తరుగు లేకుండా కొనమనండి. సరే, ఇవన్నీ ఒక్కసారి కాకపోతే పట్టాలన్నా పంపండి, దండం పెడతాం. పాత అర్జీల నకళ్లు మా దగ్గరే ఉన్నాయి, మీ వాళ్లకి దొరక్కపోతే చెప్పండి, మళ్లీ పంపిస్తాం.

ఇట్లు,
పరకాల దగ్గరి ఒక యాసంగి రైతు